వెనక్కి తిరిగిన సీటు

డెల్ఫీనా పోయి పది నెలలైంది. భస్మ బుధవారం నాడు చర్చి నుంచి బయటికొచ్చి, నుదుటి మీది బూడిద చెరపకుండానే క్లియోఫాస్ షెడ్డుకి వెళ్ళాను. అతను బొమ్మలు వేస్తాడు. ఈ లోయలో బళ్ళ మీదున్న మొహాల్లో సగం అతని చేతివే.

"రా మామా. ఎప్పుడొస్తావా అనే చూస్తున్నా," అన్నాడు. "వెనక తలుపుకేగా?"

"వెనక తలుపుకే. ఈస్టర్ నాటికి కావాలి."

"అయితే ఉపవాసం నువ్వుండు, పని నేను చేస్తా."

మా వైపు మనిషి పోతే సమాధి మీద రాయి పెడతాం. అది అందరూ చేసేదే. బండి ఉన్నవాడు బండి మీద మొహం కూడా వేయిస్తాడు. నా నేస్తం ప్రొకోపియో బండి బానెట్ మీద యుద్ధంలో పోయిన అతని కొడుకున్నాడు, రెండు గులాబీల మధ్య. ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం మా ఎస్పన్యోలా ఊరి పెద్ద రోడ్డు మీద బళ్ళన్నీ వరసకట్టి మనిషి నడక కంటే నెమ్మదిగా తిరుగుతాయి. జనం రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఏడాదిలో ఎవరింట్లో చావు జరిగిందో వాళ్ళ బండి ఎప్పుడొస్తుందా అని చూస్తారు. దాని మీద మొహం లేకపోతే ఎవరూ ఏమీ అనరు. మాటలాపి, బండి దాటిపోయేదాకా ఊరుకుంటారు. దానికంటే తిట్టినా నయమే.

నా బండి వెనక తలుపు ఖాళీగా ఉంది. బూడిదరంగు ప్రైమరు కొట్టి వదిలేశాను. అంతకుముందు అక్కడ నా పేరుండేది, బంగారురంగు అక్షరాల్లో. డెల్ఫీనాని పూడ్చిన మర్నాడు నేనే వాటర్ పేపర్ పెట్టి గీకేశాను.

"ఫోటో తేవాలి మామా," అన్నాడు క్లియోఫాస్. "మొహం పెద్దగా ఉండాలి. కళ్ళు కెమెరా వైపు చూడాలి. ఒక పక్కనుంచి వెలుగు పడితే ఇంకా మంచిది."

"ఫోటోలకేం కొదవ? రెండు పెట్టెలున్నాయి."

అలా అని ఇంటికొచ్చాను.

బూట్లు కొన్న అట్టపెట్టెలు రెండూ మంచం కింద ఉన్నాయి. బల్ల మీద బోర్లించాను. నాలుగొందల పైచిలుకు ఫోటోలు. అన్నీ బండివే.

మొదటివాటిలో బండి మా మామగారు ఇచ్చినట్టే ఉంది. యాభై తొమ్మిదో సంవత్సరపు షెవర్లే స్టేషన్ వ్యాగన్. తెలుపూ ఆకుపచ్చా. వెనక రెండు రెక్కలు, వాటి కింద పిల్లికళ్ళలాంటి లైట్లు. మామగారు దాంట్లో ఆపిల్ పళ్ళు వేసుకెళ్ళి అమ్మేవాడు. మా పెళ్ళినాడు తాళాలు డెల్ఫీనా చేతికిచ్చాడు, నా చేతికి కాదు. వారం తిరక్కుండా అవి నా జేబులోకొచ్చాయి. బండి నడపడం నేర్పమని ఆమె రెండేళ్ళు అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

తర్వాతి ఫోటోల్లో బండి కిందికి దిగుతూ వచ్చింది. మా లోయలో బండి నేలకి ఎంత దగ్గరుంటే అంత గొప్ప. ముందు స్ప్రింగులు కోశాను. పాత చక్రాలు తీసేసి, సైకిల్ చక్రానికున్నట్టు సన్నటి ఊచలున్న చిన్న చక్రాలు పెట్టాను. గొలుసు వంచి వెల్డింగ్ చేసి స్టీరింగ్ చేశాను. సీట్లకి వైన్ రంగు మఖమలు కుట్టించాను. మొహాన ఎండ కొట్టే కిటికీలకి డెల్ఫీనా తెర కడదామంది. వద్దన్నాను. తెర కడితే మఖమలు బయటికి కనపడదు.

రంగు నేనే కొట్టాను. ఊరి బడిలో ఆరో తరగతితో ఆగినవాణ్ణి. ఆ రంగులో ఏమేం కలిపానో చదువుకున్నవాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు. సొట్టలన్నీ లప్పంతో పూడ్చి, కింద వెండిరంగు కొట్టి, దాని మీద పలచటి ద్రాక్షరంగు పద్నాలుగు పొరలు వేశాను. ఒక్కో పొర ఆరాక నీళ్ళతో తడిపి రుద్దాలి. చెయ్యి ఆగిన చోట మచ్చ పడుతుంది. పద్నాలుగు పొరలకి రెండు వేసవులు పట్టింది.

టాపు మీద పువ్వులు లేసుతో వేస్తారు. లేసుగుడ్డ బిగించి పరిచి, పైనుంచి రంగు కొట్టి, గుడ్డ తీసేస్తే అల్లిక అంతా టాపు మీద నిలుస్తుంది. మామూలు కారుకైతే చిన్న గుడ్డ సరిపోతుంది. వ్యాగన్ టాపు పొడుగు. అంత పొడుగు లేసు మా ఇంట్లో ఒకటే ఉంది. డెల్ఫీనా వాళ్ళమ్మ మూడేళ్ళు అల్లిన బల్లగుడ్డ. డెల్ఫీనా బడి వంటింట్లో పనికి వెళ్ళినప్పుడు పెట్టెలోంచి తీశాను. ఆమె తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. గుడ్డ రేకులా బిర్రబిగిసి గోడకి ఆనించి ఉంది. కాసేపు దాన్ని చూసింది. తర్వాత టాపు చూసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"పువ్వులు బాగా దిగాయి," అంది.

"ఫోటో తియ్యి."

తీసింది.

అన్నీ ఆమే తీసింది. నేను ఎప్పుడూ స్టీరింగ్ దగ్గరో, గుడ్డ పట్టుకుని బండి పక్కనో ఉండేవాణ్ణి. ఆమె బండి దగ్గరికి వస్తే, "డెల్ఫీనా, పక్కకి జరుగు. నీ బొత్తాలు గీసుకుంటాయి," అనేవాణ్ణి. ఆమె కెమెరా తీసుకుని దూరంగా వెళ్ళేది. నాలుగొందల ఫోటోలు మూడుసార్లు తిరగేశాను. ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. మా పెళ్ళి ఫోటో మామగారింట్లోనే ఉండిపోయింది. దానికో ప్రతి తెచ్చుకుందామని ఆమె అంటే, "తర్వాత," అన్నాను. మామగారు పోయాక అది ఏమైందో తెలీదు.

చివరికి ఆమె గుర్తింపు కార్డు దొరికింది. క్లియోఫాస్ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"మామా, ఇది నా బొటనవేలి గోరంత ఉంది. పైగా కళ్ళు మూసుకుంది."

"కళ్ళు తెరిపించు."

"ఏ రంగు కళ్ళు?"

"గోధుమరంగు."

"గోధుమరంగులో నా దగ్గర తొమ్మిది డబ్బాలున్నాయి. ఇందాక నీ బండి రంగుకి పద్నాలుగు పొరలూ వరసగా అప్పజెప్పావు. ఏ గోధుమరంగో చెప్పు."

కార్డు తీసుకుని మళ్ళీ చూశాను.

"పోనీ అది వదిలెయ్. బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేది కదా? నాకూ లీలగా గుర్తు. బడిలో అన్నం వడ్డించేది మాకు. ఎడమ పక్కనా, కుడి పక్కనా?"

ఎడమ అనబోయి ఆగాను. ముప్పై నాలుగేళ్ళు బండిలో ఆమె నా కుడిపక్కన కూర్చుంది. నాకు కనపడింది ఆమె ఎడమ బుగ్గే. ఆ బుగ్గ మీద మచ్చ ఉన్నట్టు నాకు గుర్తులేదు. గుర్తులేదంటే అది కుడిపక్కే ఉండాలి.

"కుడి," అన్నాను.

క్లియోఫాస్ నా మొహంలోకి చూసి కుంచె కింద పెట్టేశాడు. "లెక్క కట్టి చెప్తున్నావు మామా. అలా వేస్తే ఎవరో ఒకామె వస్తుంది, మీ ఆవిడ రాదు. వాళ్ళ చెల్లెల్ని అడుగు. ఆవిడ దగ్గర లేకుండా ఉంటాయా?"

ఎలోయిసా నా మరదలు. అంత్యక్రియలనాడు నాతో మాట్లాడలేదు. అంతకుముందు కూడా మాట్లాడిందేమీ లేదు. పై కాలువ పక్కన ఉంటుంది. అక్కడికి మూడు మైళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదు. డెల్ఫీనా మాత్రం ఆదివారాలు చర్చి అయ్యాక వెళ్ళేది. ఆదివారాలు బండి నేనే తీసుకుపోయేవాణ్ణి. ఎలా వెళ్తున్నావని ఆమెని ఎప్పుడూ అడగలేదు. నడిచి వెళ్ళేదట.

నేను వెళ్ళేసరికి ఎలోయిసా వసారాలో కూర్చుని బీన్స్ గింజల్లో రాళ్ళు ఏరుతోంది. కుక్క మొరిగింది.

"మొరగనీ," అంది. "దానికి మనుషులు తెలుసు."

నేను ఆమె కూర్చున్న దాన్ని చూస్తున్నాను. ఆకుపచ్చ రెగ్జిను, మధ్యలో తెల్లచార. ఎడమ అంచున చిరుగు, గాలం దారంతో కుట్టింది. కింద చెక్కకాళ్ళు ఎవరో కొట్టారు. అది నా బండి సీటు. మూడో వరసది.

వ్యాగన్లో అన్ని సీట్లూ ముందుకి చూస్తాయి. ఆ చివరి సీటు వెనక్కి చూస్తుంది. మామగారి ఆపిల్ బుట్టల వెనక డెల్ఫీనా, ఎలోయిసా దాంట్లో కూర్చుని పోయిన రోడ్డంతా చూస్తూ వెళ్ళేవాళ్ళట. వెనకొచ్చే ప్రతి కారుకీ చేతులూపేవాళ్ళు. లారీవాళ్ళు హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో డెల్ఫీనా నాకు ఈ సంగతి చాలాసార్లు చెప్పింది. చెప్పిందే చెప్తావేమిటని అన్నాను.

స్విచ్చి నొక్కగానే బండి నేలకి దిగి మళ్ళీ పైకి ఎగరాలంటే రెండు పంపులూ ఎనిమిది బ్యాటరీలూ కావాలి. అవి పెట్టడానికి వెనక తప్ప చోటు లేదు. ఆ సీటు ఊడదీసి, నేల కోసి, ఇనుప బద్దీలు వెల్డింగ్ చేశాను. సీటు తీసుకెళ్ళి వాగులో పారేశాను. వరదకి గట్టు తెగకుండా మావాళ్ళందరూ పాత ఇనుమంతా అక్కడే వేస్తారు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాను.

"కాళ్ళొచ్చి నడిచొచ్చింది."

"ఎలోయిసా."

"మా ఆయన తెచ్చాడు బావా. అక్క ఏడుస్తూ వస్తే, ట్రక్కు వేసుకుని వాగులో దిగి తెచ్చాడు. కాళ్ళు కొట్టింది కూడా ఆయనే. ఇరవై ఏడేళ్ళు ప్రతి ఆదివారం అక్క ఇందులోనే కూర్చుంది. రోడ్డు కేసి తిప్పుకుని. నువ్వు అక్కడ బండిని ఎగరేస్తూ చప్పట్లు కొట్టించుకునేటప్పుడు, మేమిద్దరం ఇక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చేతులూపేవాళ్ళం. ముసలిముండలకి పిచ్చెక్కిందనుకునేవాళ్ళు."

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు. ఇంకో కుర్చీ లేదు.

"ఫోటో కావాలి," అన్నాను. "దాని మొహం ఉన్నది. వెనక తలుపు మీద వేయిద్దామని."

ఎలోయిసా గింజల పళ్ళెం పక్కన పెట్టింది. లోపలికెళ్ళి ఒక ఫోటో తెచ్చి, నాకు దాని వీపు కనపడేలా గుండెకి ఆనించి పట్టుకుంది.

"ఇదుంది. ఇదే సీట్లో. నవ్వుతోంది. పళ్ళన్నీ కనపడుతున్నాయి. ఎప్పుడైనా చూశావా బావా, అక్క పళ్ళు?"

"ఇవ్వు."

"ఇస్తా. ఒక్కటే అడుగుతా. ఈ సీటు ఊడదీసిననాడు అక్క వద్దంటే నువ్వేమన్నావో అది చెప్పు. నీ నోటితో చెప్పి తీసుకెళ్ళు."

"మర్చిపోయాను."

"అయితే నేనూ మర్చిపోయా, ఫోటో ఎక్కడ పెట్టానో."

"సీటు మళ్ళీ బండిలో పెడతాను. పంపులు తీసేస్తాను."

"నేల కోసేశావుగా. దేనికి బిగిస్తావు, గాలికా?" అంది. "సీటు అడగలేదు నేను. మాట అడిగాను. ఒక్క మాట. దానికి పద్నాలుగు పొరలు అక్కర్లేదు."

కుక్క నా బూటు వాసన చూసి వెళ్ళిపోయింది. నేను నోరు తెరిచాను. ఆ రోజు ఎంతో తేలిగ్గా వచ్చిన మాట, చేతిలో పానా తిప్పుతూ తలెత్తకుండా అనేసిన మాట, గొంతు దాటలేదు. సిగ్గుతో అనుకుంటే పొరపాటు. ఎలోయిసా ముందు ఓడిపోవడం నాకు చేతకాలేదు. అంతే.

"పోనీలే," అంది. కూర్చుని పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. ఫోటో ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

అక్కడ అనలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ ముందటి సంవత్సరమే డెల్ఫీనాకి మూడో కాన్పు కూడా నిలవలేదు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పాడు. సీటు ఊడదీస్తుంటే వచ్చి అంచు పట్టుకుంది. "ఇదొక్కటి ఉండనీ," అంది. నేను, "పిల్లలే లేరు, వెనక సీటు ఎవరికి?" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. నేను ఇంకో రెండు బోల్టులు తీశాను.

ఎలోయిసా ఇంటినుంచి తిన్నగా క్లియోఫాస్ దగ్గరికి వెళ్ళాను. లేదని చెప్పాను.  ఫోటో పెట్టెలు రెండూ పట్రమ్మన్నాడు.

"వాటిలో లేదు. మూడుసార్లు చూశాను."

"నువ్వు బండిని చూశావు మామా. నేను చూస్తా, తే."

రెండు రోజులు తన దగ్గర ఉంచుకున్నాడు. మూడోరోజు కబురు పెట్టాడు. వెళ్తే బల్ల మీద ముప్పై ఫోటోలు పరిచి ఉన్నాయి. సన్నగీతలు గీసేటప్పుడు వాడే భూతద్దం నా చేతికిచ్చాడు.

"బంపర్లో చూడు."

చూశాను. మెరుస్తున్న బంపర్ ఒంపులో ఒక చిన్న మనిషి. సాగిపోయి, వంగిపోయి. మోచేతులు రెండూ పైకెత్తి.

"ఇప్పుడు ఇందులో, చక్రం మూతలో. ఇందులో, తలుపు మీద. ప్రతిదాంట్లో ఉంది మామా. నువ్వు అంతలా తుడిచావు, ఆవిడ పడకుండా ఎలా ఉంటుంది?"

భూతద్దం కింద పెట్టాను. నాకు చింపేసిన ఫోటోలు గుర్తొచ్చాయి. కడిగించి తెచ్చిన ప్రతిసారీ ఏరేవాణ్ణి. "ఇందులో నువ్వు పడ్డావు. ఇందులోనూ పడ్డావు. రంగు మధ్యలో నీ బొమ్మెందుకు? పక్కకి నిలబడి తియ్యొచ్చుగా?" అని చింపి పొయ్యిలో వేసేవాణ్ణి. ఆమె పెద్దగా పడినవన్నీ అలా పోయాయి. చిన్నగా పడ్డవి నా కళ్ళకి ఆనలేదు కాబట్టి మిగిలాయి.

"అన్నిటికంటే పెద్దది ఇదీ," అని క్లియోఫాస్ ఒకటి తీశాడు.

వెనక తలుపు. దాని మీద నా పేరు వేయించక ముందుది. చివరి పొర రుద్ది మెరుగు పెట్టిననాడు తీసింది. ఆ ద్రాక్షరంగులో డెల్ఫీనా అరచేయంత ఉంది. తలకి రుమాలు. బడి వంటింటి ఆప్రాన్. ఒక కాలు ముందుకి. వేలికి ఉంగరం. మొహం ఉండాల్సిన చోట కెమెరా. దాన్ని చింపకపోవడానికి కారణం ప్రేమ కాదు. అంత మెరుపు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

"చేతులు వేయగలను. భుజాలు, నిలబడ్డ తీరు, అన్నీ వేయగలను," అన్నాడు. "మొహానికే కెమెరా అడ్డం."

"ఇలాగే వెయ్యి."

"కెమెరా కాస్త కిందికి దించి, కళ్ళ వరకూ ఊహించి..."

"ఊహించకు. ఉన్నది వెయ్యి."

"జనం నవ్వుతారు మామా. మొహం కోసమేగా ఇదంతా?"

"నవ్వనీ."

నాలుగు వారాలు పట్టింది. వెనక తలుపు ఊడదీసి అతని షెడ్డులోనే పెట్టాను. గులాబీలు వద్దన్నాను. మేఘాలు, పావురాలు వద్దన్నాను. పుట్టిన తేదీ, పోయిన తేదీ అడిగాడు. పోయినది చెప్పాను. పుట్టినది కార్డు చూసి చెప్పాను.

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం పెద్ద రోడ్డు చివర బళ్ళు వరసకట్టాయి. నేను బండిని నేలకి ఆనేలా దించి ఇంజను ఆపాను. ప్రొకోపియో వచ్చి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఏరా ఓనోఫ్రే, మీ ఆవిడ మనల్ని ఫోటో తీస్తోందేంట్రా?"

"తీస్తోంది."

"ఉండు, టోపీ సరిచేసుకోనీ." సరిచేసుకున్నాడు కూడా. తర్వాత నవ్వు ఆపి, "మొహం ఏదిరా?" అన్నాడు.

"నా దగ్గర లేదు."

అతను తన బానెట్ మీది కొడుకు మొహాన్ని చేత్తో ఒకసారి తుడిచి, బండెక్కి నా వెనక వరసలోకి తెచ్చి నిలిపాడు.

జనం రావడం మొదలైంది. ఒకమ్మాయి పోజు పెట్టి తలుపు ముందు నిలబడింది. ఆమెతో వచ్చినవాళ్ళు పకపకా నవ్వారు. ఒక ముసలాయన, "ఇదేం మొక్కుబడి?" అని గొణిగాడు. ఇద్దరు ఆడవాళ్ళు చూసి, మాటలాపి, వెళ్ళిపోయారు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఇంకొకళ్ళ బండి దగ్గర నేనూ అలాగే ఊరుకున్నాను.

ఎలోయిసా వచ్చింది. చంకలో మడత కుర్చీ ఉంది. నన్ను చూడకుండా తిన్నగా వెనక్కి వెళ్ళింది. నేను బండి దిగి పక్కన నిలబడ్డాను. చాలాసేపు చూసింది. వేలు చాచి, బొమ్మలో ఉంగరం దగ్గర ఆపింది. ముట్టుకోలేదు. నా బండిని ముట్టుకోకూడదని ఆ కుటుంబంలో అందరికీ తెలుసు.

"ముట్టుకో," అన్నాను.

ముట్టుకోలేదు.

"మోచేతులు ఇలాగే పెట్టేది," అంది. "ఊపిరి బిగబట్టేది తీసేటప్పుడు. కెమెరా కదలకూడదని. నువ్వు తిడతావని."

నేను జేబులోంచి తాళాలు తీశాను.

"నీ ఇంట్లో దానికున్న మొహం ఇదే బావా. సరిగ్గానే వేయించావు."

తిట్టిందో మెచ్చుకుందో అని ఆలోచించక్కర్లేదు. తిట్టింది.

"ఆ ఫోటో," అన్నాను.

"మాట చెప్తావా?"

ముందు బళ్ళు కదిలాయి. వెనకనుంచి ప్రొకోపియో హారన్ కొట్టాడు. చెప్పడానికి అదే సమయం. ఒక్క నిమిషం చాలు. ఇంజను శబ్దాల్లో ఇంకెవరికీ వినపడదు కూడా. నేను చేతిలో తాళాలు తిప్పుతూ నిలబడ్డాను. మామగారు డెల్ఫీనా చేతికిచ్చిన తాళాలు.

ఎలోయిసా తల ఊపింది, అనుకున్నంతే అయిందన్నట్టు. మడత కుర్చీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"అక్క మళ్ళీ వెనక్కి తిరిగి కూర్చుంది చూశావా," అంది. "వెనక వచ్చే ప్రతివాడికీ కనపడుతుంది. ముందు కూర్చున్న నీకు తప్ప."

వెళ్ళి రోడ్డుపక్క జనంలో కుర్చీ వేసుకుంది.

నేను ఎక్కి తలుపేసుకున్నాను. స్విచ్చి నొక్కితే పంపులు మూలిగి బండి నేలనుంచి లేచింది. నెమ్మదిగా పోనిచ్చాను. నా కుడిపక్క సీటు ఖాళీ. వెనక బ్యాటరీలు. వాటి వెనక డెల్ఫీనా బొమ్మ, నాకు కనపడని పక్కన.

ఎలోయిసా కుర్చీ దాటినప్పుడు ఆమె నా వైపు చూడలేదు. బండి పూర్తిగా దాటేదాకా ఆగింది. అద్దంలో చూశాను. అప్పుడు చెయ్యెత్తి ఊపింది. ఆమె పక్కనున్నవాళ్ళూ ఊపారు. వెనక బండిలోంచి ప్రొకోపియో టోపీ తీసి ఊపాడు.

నాక్కాదు.